పేరు కొడితే బిట్‌కాయిన్ వెళ్ళాలి: ఒక వాలెట్‌కి పేమెంట్ ఐడీలు డిజైన్ చేసిన కేస్ స్టడీ

క్లయింట్ నుంచి వచ్చిన మెసేజ్ ఒక్క లైనే. "మా వాలెట్‌లో అడ్రస్ బదులు పేరు కొడితే డబ్బు వెళ్ళిపోవాలి, ఈమెయిల్ ఐడీ లాగా." మన దేశంలో ఉండేవాడికి ఇది వినగానే యూపీఐ ఐడీ గుర్తొస్తుంది, నాకూ అదే గుర్తొచ్చింది, రెండు వారాల పని అనుకుని సరే అనేశాను. ఐదు నెలలు పట్టింది. అందులో పేరుని అడ్రస్‌గా మార్చే కోడ్ రాయడానికి పట్టింది నాలుగు రోజులు. మిగతా కాలమంతా ఆ పేరు ఎవరి మాట మీద నిలబడాలి, తప్పు పేరు కొడితే ఏమవ్వాలి, ఒకరు వదిలేసిన పేరు ఇంకొకరికి ఇవ్వొచ్చా, ఇలాంటి గొడవలకే పోయింది. ఇక్కడ రాస్తున్నది ఆ గొడవల గురించే.

కాస్త నేపథ్యం. నలుగురున్న చిన్న టీమ్, ముగ్గురు బయటి దేశాల్లో, నేను కూకట్‌పల్లిలో. బిట్‌కాయిన్ ఒక్కటే పంపే మొబైల్ వాలెట్, డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చే రహస్య కీలు యూజర్ ఫోన్‌లోనే ఉంటాయి, లైట్నింగ్ (చిన్న పేమెంట్లు వెంటనే వెళ్ళేలా బిట్‌కాయిన్ పైన కట్టిన నెట్‌వర్క్) కూడా ఉంది. వాడేవాళ్ళలో ఎక్కువమంది వేరే దేశం నుంచి పేమెంట్ తీసుకునే ఫ్రీలాన్సర్లు. వాలెట్ పేరు చెప్పను, చెప్పకూడదని కాంట్రాక్ట్‌లో ఉంది.

అసలు అడ్రస్‌కి వచ్చిన లోటేంటి?

ముందు ఒకటి ఒప్పుకోవాలి. బిట్‌కాయిన్ అడ్రస్, అంటే డబ్బు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పొడుగాటి అక్షరాల వరస, చూడ్డానికి పిచ్చిగీతల్లా ఉంటుంది కానీ, మనిషిని గుర్తుపెట్టుకునే చేశారు దాన్ని. పాత అడ్రస్‌లలో వాడిన బేస్58 అనే అక్షరాల పద్ధతిలో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ ఉండవు, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటారని తీసేశారు. చివర 4 బైట్ల చెక్‌సమ్ (ముందున్న అక్షరాల నుంచి లెక్కగట్టిన, తప్పుల్ని పట్టే తోక) కూడా ఉంటుంది. 2017లో పీటర్ వూలే, గ్రెగ్ మాక్స్‌వెల్ కలిసి బిప్ 173తో (బిప్ అంటే బిట్‌కాయిన్‌కి మార్పులు ప్రతిపాదించే పత్రం) బెక్32 అనే కొత్త అడ్రస్ రూపం తెచ్చారు. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిపి రాయడం లేదు, కాబట్టి ఫోన్‌లో చదివి చెప్పడం తేలిక, క్యూఆర్ కోడ్ కూడా చిన్నదవుతుంది. నాలుగు అక్షరాల వరకు తప్పు పడితే ఖచ్చితంగా పట్టేసుకుంటుంది, అది అంచనా కాదు, గణితం ఇచ్చిన హామీ. అంత జాగ్రత్తగా చేసినదానిలో కూడా ఒక కన్నం మిగిలింది: చివరి అక్షరం పీ అయితే, దాని ముందు క్యూలు ఎన్ని చేర్చినా, ఉన్నవి తీసేసినా చెక్‌సమ్ నోరెత్తదు. దాన్ని పూడ్చడానికి బెక్32ఎం వచ్చింది, 2021 నవంబర్‌లో మొదలైన టాప్‌రూట్ అనే కొత్త రకం అడ్రస్‌లు వాడేది దాన్నే.

ఇదంతా తెలిసి కూడా, పని మొదలుపెట్టే ముందు విజయవాడలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేసి 42 అక్షరాల టెస్ట్ అడ్రస్ ఒకటి చదివి రాసుకోమన్నాను. ఆవిడ రిటైర్డ్ టీచర్, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఇరవయ్యో అక్షరం దగ్గర "ఒరే, ఇంకా ఉందా?" అంది. మొత్తం అయ్యాక ఫోటో తీసి పంపింది. రెండు తప్పులు. ఒకచోట 'డి' అంటే 'టి' అని వినబడింది, ఇంకోచోట 'ఈ'కి 'జీ' రాసింది. ఆ రాసింది వాలెట్‌లో కొట్టి చూపించాను, అడ్రస్ తప్పు అని ఎర్రగా చూపించింది. చెక్‌సమ్ తన పని తాను చేసింది, నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆవిడ మాత్రం "తప్పు రాశానని చెప్పింది, బానే ఉంది. కరెక్ట్‌గా రాస్తే మాత్రం అది నీకే వెళ్తుందని ఎక్కడ చెప్తోంది?" అని అడిగింది.

చెప్పదు. చెక్‌సమ్ తప్పు అక్షరాన్ని పడుతుంది, తప్పు మనిషిని పట్టదు. ఎథీరియమ్ అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్‌లో అడ్రస్ పాయిజనింగ్ అనే దొంగతనం మొత్తం ఈ సందులోనే నడుస్తుంది. మీరు తరచూ పంపే అడ్రస్‌కి మొదటి కొన్ని అక్షరాలు, చివరి కొన్ని అక్షరాలు సరిపోయే ఇంకో అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మీకు చిల్లర పంపుతారు. అది మీ హిస్టరీలో పైన వచ్చి కూర్చుంటుంది, మీరు మళ్ళీ పంపేటప్పుడు దాన్నే కాపీ చేస్తారు. 2024 మే నెలలో ఒకాయన ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్ (ఎథీరియమ్ మీద తిరిగే బిట్‌కాయిన్ రూపం), అప్పటి ధరలో దాదాపు 6.8 కోట్ల డాలర్లు, దొంగ అడ్రస్‌కి పంపేశాడు. కొద్ది రోజుల తర్వాత దొంగ చాలావరకు తిరిగిచ్చాడు, అది వేరే కథ, అలాంటి అదృష్టం అందరికీ ఉండదు.

కాబట్టి పేరు కావాలి, అందులో అనుమానం లేదు. ఎలాంటి పేరు అన్నదే ప్రశ్న.

యూపీఐని ఎందుకు కాపీ కొట్టలేం

2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి మనకి ఒక అలవాటు పడిపోయింది: ఐడీ కొడతాం, కింద బ్యాంక్‌లో ఉన్న పేరు వస్తుంది, "ఆ, ఈయనే" అనుకుని పిన్ కొడతాం. ఆ అలవాటులో అసలు బరువు మోస్తున్నది ఐడీ కాదు, కింద వచ్చే పేరు. ఆ పేరు వెనక కేవైసీ చేసిన బ్యాంక్ ఉంది, మధ్యలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఉంది, తేడా వస్తే కంప్లయింట్ ఇవ్వడానికి ఒక చోటు ఉంది. బిట్‌కాయిన్‌లో ఈ మూడూ లేవు. ఐడీని మాత్రం తెచ్చి పెట్టుకుంటే పైకి యూపీఐలానే కనబడుతుంది, మనుషులు యూపీఐ మీద ఉన్న నమ్మకాన్నే దీని మీదా పెట్టేస్తారు, లోపల చూస్తే ఏమీ ఉండదు. నా మొదటి డిజైన్ సరిగ్గా అదే. వాలెట్ కంపెనీ సర్వర్‌లో ఒక టేబుల్, ఒక కాలమ్‌లో పేరు, ఇంకో కాలమ్‌లో అడ్రస్. టీమ్‌లో ఒకావిడ ఒకటే అడిగింది: "ఎవడైనా మన సర్వర్‌లోకి దూరి రెండో కాలమ్ మార్చేస్తే ఎన్నాళ్ళకి మనకి తెలుస్తుంది?" అవతలివాడు డబ్బు రాలేదని తిట్టినప్పుడు. ఆ డిజైన్ అక్కడితో ఆగిపోయింది.

ఇది కొత్త చిక్కేం కాదు. 2001లోనే జూకో విల్‌కాక్స్ ఒక త్రికోణం గీసి చెప్పాడు: పేరు మనిషికి గుర్తుండాలి, మోసానికి లొంగకూడదు, ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి అని. 2011లో వచ్చిన నేమ్‌కాయిన్ మూడూ ఇస్తానంది, పేర్లని బ్లాక్‌చైన్ (అందరి దగ్గరా కాపీ ఉండే ఉమ్మడి పద్దుపుస్తకం) మీదే రాసి. టెక్నికల్‌గా ఇచ్చింది కూడా. కానీ ఎవరు ముందొస్తే వాళ్ళదే పేరు అనే పద్ధతిలో మంచి పేర్లన్నీ వాడేవాళ్ళకన్నా ముందు ఏరుకునేవాళ్ళ చేతికి వెళ్తాయి. రోడ్డు పడుతుందని తెలిసి ముందే ప్లాట్లు కొనేసినట్టు.

మేం చూసిన దారులు చాలానే ఉన్నాయి. 2017లో మొదలైన ఈఎన్‌ఎస్ అనే ఎథీరియమ్ పేర్ల సర్వీస్‌లో పేరుకి బిట్‌కాయిన్ అడ్రస్ కూడా తగిలించవచ్చు, చాలా పకడ్బందీగా చేశారు. కాకపోతే పేరుకి ఏటా అద్దె కట్టాలి, కట్టకపోతే 90 రోజుల గడువు తర్వాత అది చేజారుతుంది, పైగా బిట్‌కాయిన్ పంపాలంటే వాలెట్ ఎథీరియమ్‌ని చదవాలి. అంటే ఇంకో నోడ్ (ఆ నెట్‌వర్క్‌ని నేరుగా చదివే మన సొంత కంప్యూటర్), లేదా ఇంకొకరి సర్వర్ మీద నమ్మకం. స్టెల్లార్ అనే ఇంకో పేమెంట్ నెట్‌వర్క్ వాళ్ళ ఫెడరేషన్ పద్ధతిలో పేరుకీ డొమైన్‌కీ మధ్య నక్షత్రం గుర్తు ఉంటుంది, డొమైన్ నడిపేవాళ్ళ సర్వర్‌ని అడిగితే ఖాతా నంబర్, అవసరమైతే దానితోపాటు మెమో కూడా ఇస్తుంది. ఈమెయిల్‌తో గందరగోళం రాకుండా ఆ నక్షత్రం పెట్టడం నాకు బాగా నచ్చింది, దాని సంగతి కింద వస్తుంది. లైట్నింగ్ అడ్రస్ అందరికన్నా సులువు: డొమైన్‌లో ఫలానా చోట ఫలానా పేరుతో ఒక వెబ్ లింక్, దాన్ని అడిగితే ఇన్‌వాయిస్ (ఆ ఒక్క పేమెంట్ కోసం తయారైన కోడ్) వస్తుంది. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి పనిచేస్తుంది. కానీ ఎవరు ఎవరికి ఎప్పుడు పంపుతున్నారో ఆ సర్వర్‌కి మొత్తం కనబడుతుంది, మీకు ఒక ఇన్‌వాయిస్, పక్కవాడికి ఇంకో ఇన్‌వాయిస్ ఇచ్చినా పట్టుకునే మార్గం లేదు. మొనీరో అనే ఇంకో క్రిప్టోలో అడ్రస్ 95 అక్షరాలు, వాళ్ళ కష్టం మనకన్నా ఎక్కువ, అందుకే వాళ్ళు ఎప్పుడో ఓపెన్‌అలియాస్ అని డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల వివరాలు చెప్పే ఇంటర్నెట్ డైరెక్టరీ) టెక్స్ట్ రికార్డులో అడ్రస్ రాసే పద్ధతి పెట్టుకున్నారు.

చివరికి మేం ఎంచుకున్నది బిప్ 353. 2024లో వచ్చింది, మ్యాట్ కొరాలో దీని రచయితల్లో ఒకడు. ఆలోచన ఓపెన్‌అలియాస్‌దే, పట్టు మాత్రం ఎక్కువ. పేరు@డొమైన్ అని కొడితే వాలెట్ ఆ డొమైన్ కింద ఒక నిర్ణీత చోట ఉన్న టెక్స్ట్ రికార్డ్ తెచ్చుకుంటుంది, అందులో బిట్‌కాయిన్ లింక్ ఉంటుంది. ఆ రికార్డ్‌కి డీఎన్‌ఎస్‌సెక్ సంతకం (జవాబు మధ్యలో ఎవరూ మార్చలేదని చూపించే డిజిటల్ సంతకం) తప్పనిసరి, ఆ సంతకాల గొలుసుని ఇంటర్నెట్ రూట్ దాకా వాలెట్ తనే తనిఖీ చేయాలి, వేరే సర్వర్ "చూశాను, బానే ఉంది" అంటే ఒప్పుకోకూడదు. రూట్‌కి ఆ సంతకం 2010 నుంచి ఉంది. జూకో త్రికోణంలో మేం వదులుకున్నది మూడోది, ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకపోవడం. డొమైన్ ఎవరిదో వాళ్ళ చేతిలోనే పేరు ఉంటుంది. కానీ వాళ్ళు రికార్డ్ మార్చి మోసం చేస్తే వాళ్ళ సంతకంతో సహా రుజువు మిగులుతుంది, ఆ రుజువుని హార్డ్‌వేర్ వాలెట్‌కి (కీలు దాచే చిన్న విడి పరికరానికి) కూడా పంపొచ్చు, దాని తెర మీద అడ్రస్ బదులు పేరే చూపించవచ్చు. మా టేబుల్‌లో రెండో కాలమ్‌కి ఈ గుణం లేదు.

మేం చేసిన తప్పులు

మొదటిది సిగ్గుపడాల్సిన తప్పు. రికార్డ్‌లో మామూలు బిట్‌కాయిన్ అడ్రస్ ఒకటి పెట్టేశాం. పనిచేసింది. రెండో రోజు టెస్టర్ ఒకతను ఆ పేరుకి ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దాన్నుంచి ఎంత బయటికి వెళ్ళింది, మొత్తం బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలన్నీ ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్‌లో) తీసి గ్రూప్‌లో పెట్టాడు. పేరు పక్కన పాస్‌బుక్ అతికించి గేటుకి వేలాడదీసినట్టు అయింది. బిట్‌కాయిన్‌లో ఒక అడ్రస్ ఒక్కసారే వాడాలని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్తాం, పేరు అనేసరికి మేమే మర్చిపోయాం. పేరు మారకూడదు, దాని వెనక అడ్రస్ మాత్రం ప్రతిసారీ మారాలి, ఈ రెండూ ఒకేసారి జరగాలి. దీనికి ఉన్న మందులు రెండు. లైట్నింగ్‌కి బోల్ట్12 ఆఫర్, అది ఎన్నిసార్లు వాడినా ప్రతిసారీ కొత్త ఇన్‌వాయిస్ తెచ్చుకుంటుంది. ఆన్‌చైన్‌కి, అంటే లైట్నింగ్ లేకుండా నేరుగా బ్లాక్‌చైన్ మీద పంపేవాటికి, బిప్ 352 సైలెంట్ పేమెంట్స్, అందులో పంపేవాడి ఫోనే ప్రతిసారీ కొత్త అడ్రస్‌ని లెక్కగట్టుకుంటుంది, అది ఎవరిదో తీసుకునేవాడికి తప్ప బయటివాళ్ళకి తెలియదు. దీని ఖర్చు తీసుకునేవాడి నెత్తిన పడుతుంది: తనకేమైనా వచ్చిందా అని ప్రతి బ్లాక్‌నీ వెతుక్కోవాలి, మొబైల్‌లో అది బ్యాటరీని తింటుంది. మేం ఆఫర్‌ని అందరికీ, సైలెంట్ పేమెంట్‌ని అడిగినవాళ్ళకి మాత్రమే పెట్టాం. మామూలు అడ్రస్ పూర్తిగా తీసేశాం. తీసేయడం వల్ల పాత వాలెట్లు వాడేవాళ్ళు ఈ పేర్లకి పంపలేరు, తెలిసే తీసేశాం.

రెండోది చిన్న తప్పే, కానీ దాని మీద ఒక ఆదివారం మొత్తం పోయింది. డీఎన్‌ఎస్ టెక్స్ట్ రికార్డ్‌లో ఒక్కో ముక్క 255 బైట్లు దాటకూడదు, పెద్దది ఉంటే ఒకే రికార్డ్‌లో ముక్కలుగా పెట్టాలి, చదివేవాడు మధ్యలో ఖాళీ లేకుండా అతికించుకుంటాడు. మేం వాడుతున్న డీఎన్‌ఎస్ ప్యానెల్ మాత్రం పొడుగు ఆఫర్‌ని పేస్ట్ చేస్తే రెండు వేరు వేరు రికార్డులు చేసేసింది. రెండోదానికి ముందు బిట్‌కాయిన్ అనే మాట లేదు కాబట్టి వాలెట్ దాన్ని పట్టించుకోలేదు, మొదటి ముక్కనే పూర్తి ఆఫర్ అనుకుంది. ఇక్కడ ఒక విషయం ఉంది: బోల్ట్12 ఆఫర్ చూడ్డానికి బెక్32 లాగే ఉంటుంది, కానీ దానికి చెక్‌సమ్ లేదు. మా అదృష్టం కొద్దీ కోత ఒక ఫీల్డ్ మధ్యలో పడి, పొడవు సరిపోక దాన్ని చదివే కోడ్ (పార్సర్) ఎర్రర్ ఇచ్చింది. సరిగ్గా ఫీల్డ్ అంచు మీద పడి ఉంటే? ఆ రోజు నుంచి రికార్డులు ప్యానెల్‌లో చేత్తో పెట్టడం మానేశాం, పెట్టిన ప్రతి రికార్డ్‌నీ బయటి నుంచి తిరిగి చదివి, అక్షరం అక్షరం పోల్చాకే పేరు లైవ్ అవుతుంది.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంది. డీఎన్‌ఎస్‌సెక్‌లో "ఈ పేరు లేదు" అనే జవాబుకి కూడా సంతకం ఉండాలి. లేని పేర్లన్నిటికీ ముందే సంతకాలు చేసి పెట్టుకోలేం కదా, అందుకని ఎన్‌సెక్ అనే రికార్డ్ "ఈ పేరు తర్వాత అక్షరక్రమంలో వచ్చేది ఫలానా పేరు, మధ్యలో ఏమీ లేవు" అని చెప్తుంది. చదవగానే మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే మన యూజర్ల లిస్ట్ మొత్తం, అ నుంచి ఱ వరకు డిక్షనరీలా చేతికొస్తుంది. లాంచ్‌కి పది రోజుల ముందు రాత్రి ఊరికే ఒక కమాండ్ కొట్టి చూస్తే బీటా టెస్టర్ల పేర్లన్నీ వరసగా తెర మీద దిగిపోయాయి, నాకు చెమటలు పట్టాయి. ఎన్‌సెక్3 అనే తర్వాతి రూపం పేర్లని హ్యాష్ చేస్తుంది (వెనక్కి తిప్పలేని కోడ్‌గా మారుస్తుంది) కానీ మనుషుల పేర్లని ఊహించి హ్యాష్‌లు పోల్చడం ఎంతసేపు. అడిగిన క్షణంలోనే, అడిగిన ఆ ఒక్క పేరుకే సంతకం చేసి ఇచ్చే సర్వర్‌కి మారాం. లాంచ్ వాయిదా పడింది, బాస్ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఏ స్పెల్లింగ్?

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. అడ్రస్‌కి చెక్‌సమ్ ఉంది, పేరుకి లేదు. అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొడితే అది ఎవరి అడ్రసూ కాదు, వాలెట్ ఆపేస్తుంది. పేరులో ఒక అక్షరం తప్పు కొడితే అది ఇంకెవరో మనిషి పేరు. పదిహేనేళ్ళ పాటు గణితంతో మూసిన తలుపుని మేం వాడకం సులువు పేరుతో మళ్ళీ బార్లా తెరుస్తున్నాం.

తెలుగువాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నా ఫోన్‌లో ఉన్న శ్రీనివాస్‌లే ఆరుగురు, అందులో ఇంగ్లీషులో ఎస్-ఆర్-ఐ అని రాసేవాళ్ళు ముగ్గురు, ఎస్-ఆర్-డబుల్ఈ ఇద్దరు, ఎస్ తర్వాత హెచ్ పెట్టేవాడు ఒకడు. లక్ష్మి అయితే మధ్యలో కే-ఎస్-హెచ్ పెట్టేవాళ్ళూ ఉన్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. సునీత అని రాసేటప్పుడు మనం 'టీ' పక్కన 'హెచ్' పెడతాం, హిందీవాళ్ళు పెట్టరు. వెంకటేశ్వర్లు సంగతి వదిలేయండి. ఫోన్‌లో "సునీత@ఫలానా" అని చెప్తే వినేవాడికి పేరు తెలుస్తుంది కానీ స్పెల్లింగ్ తెలియదు, వాడు తనకి అలవాటైనట్టు కొడతాడు, ఆ స్పెల్లింగ్‌తో ఇంకో సునీత ఉంటే డబ్బు ఆవిడకి వెళ్తుంది. ఇక్కడ హ్యాకర్ అక్కర్లేదు.

మొదట పేరు చివర ఒక చెక్ అంకె పెడదాం అన్నాను. ఆధార్ నంబర్‌లో చివరి అంకె అలాంటిదే, వెర్హాఫ్ పద్ధతిలో మిగతా 11 అంకెల నుంచి వస్తుంది, ఒక అంకె తప్పు కొట్టినా పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. ట్రై చేశాం. పేరు చెప్పేటప్పుడు ప్రతి ఒక్కరూ ఆ అంకె మర్చిపోయారు, గుర్తున్నవాళ్ళు అది తమ పుట్టిన తేదీ కాదేంటని అడిగారు.

అప్పుడు తిరగేసి ఆలోచించాం. చెక్‌సమ్ చేసే పని ఏంటి? సరైన రెండు అడ్రస్‌లు ఒకదానికొకటి దూరంగా ఉండేలా చూడటం, అంతే. మరి పేర్లనే అలా దూరంగా ఉంచితే? కొత్త పేరు రిజిస్టర్ చేసేటప్పుడు దాన్ని ముందు ఒక పట్టికలో వేసి మడతపెడతాం: డబుల్ఈ, ఐ ఒకటే, వీ, డబ్ల్యూ ఒకటే, 'టీ' పక్కన 'హెచ్' ఉన్నా లేకపోయినా ఒకటే, 'కే-ఎస్-హెచ్', 'ఎక్స్' ఒకటే, అంకె 1కీ చిన్న ఎల్‌కీ తేడా లేదు, సున్నాకీ ఓకీ తేడా లేదు, 'ఆర్-ఎన్' పక్కపక్కన వస్తే ఎం లాగా కనబడుతుంది కాబట్టి అదీ ఒకటే. మడతపెట్టాక వచ్చిన రూపం ఇప్పటికే ఎవరికైనా ఉంటే, లేదా ఒక్క అక్షరం తేడాతో ఉంటే, ఆ పేరు ఇవ్వం. దీనివల్ల మొదటి శ్రీనివాస్‌కి పేరు దొరికాక ఏ స్పెల్లింగ్‌తోనూ రెండో శ్రీనివాస్ ఉండడు, ఇంటిపేరో ఊరిపేరో కలుపుకోవాలి. తిట్లు బాగానే వచ్చాయి. "నా పేరు నాకే ఇవ్వకపోవడం ఏంటి" అని ఒకాయన రాసిన లెటర్ ఇప్పటికీ దాచుకున్నాను. నేనైతే ఆ నిర్ణయానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. బయటి దేశాల్లో ఉన్న మిగతా ముగ్గురూ దీన్ని వెంటనే ఒప్పుకోవడానికి కారణం మన తెలుగు కాదు, మహమ్మద్ అనే పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో వాళ్ళకి బాగా తెలుసు.

మరి స్పెల్లింగ్ గొడవ లేకుండా నేరుగా తెలుగులోనే పేరు పెట్టుకోనిస్తే? నేనే అడిగాను, నేనే వారం రోజులు కూర్చుని వద్దని తేల్చాను, బాధగానే. తెలుగు సున్నా అక్షరం, తెలుగు అంకె సున్నా, ఇంగ్లీషు ఓ, కన్నడ సున్నా, నాలుగూ తెర మీద ఒకేలా గుండ్రంగా ఉంటాయి, యూనికోడ్ వాళ్ళు పోలికున్న అక్షరాల జాబితాలో వీటిని ఒకే గుంపులో వేశారు. కన్నడ ర, తెలుగు ర చిన్న సైజు ఫాంట్‌లో చూసి తేడా చెప్పగలిగితే మీకు దండం పెడతాను. ఐత్వం గుర్తుని ఒకే కోడ్‌గా కొట్టొచ్చు, రెండు ముక్కలుగా కూడా కొట్టొచ్చు, దీన్ని నార్మలైజ్ చేస్తే, అంటే రెండింటినీ ఒకే రూపంలోకి మార్చేస్తే, సరిపోతుంది. అసలు ముల్లు కంటికి కనబడని అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు టకారం కింద వకారం వత్తుగా పడకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం ఉంటుంది, చాలా కీబోర్డులు మనకి తెలియకుండానే దాన్ని పెట్టేస్తాయి. అది లేకుండా తెలుగులో సగం ఇంగ్లీషు మాటలు సరిగ్గా రాయలేం, అది ఉంటే రెండు వేర్వేరు పేర్లు చూడ్డానికి ఒకేలా ఉండే ప్రమాదం. ఈఎన్‌ఎస్ వాళ్ళు తమ నార్మలైజేషన్ నియమాల్లో దాన్ని పూర్తిగా నిషేధించారు. డబ్బు వెళ్ళే చోట అది సరైన పనే, భాష పరంగా చూస్తే మనకి నష్టమే. మేం మధ్యేమార్గం తీసుకున్నాం: ఐడీ ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలతోనే, కాంటాక్ట్‌లో సేవ్ చేసుకునే పేరు మాత్రం ఎవరి భాషలో వాళ్ళు, అది వాళ్ళ ఫోన్ దాటి బయటికి పోదు.

పంపే ముందు తెర

బిప్ 353 ప్రకారం పేరు ముందు ₿ గుర్తు చూపించాలి, ఈమెయిల్ కాదని తెలియడానికి. ఆ గుర్తు కీబోర్డ్‌లో ఎక్కడుందో నాకే తెలియదు, కాబట్టి కొట్టేటప్పుడు లేకపోయినా తీసుకుంటాం, చూపించేటప్పుడు తప్పకుండా చూపిస్తాం. అయినా మా యూజర్ ఒకాయనకి డబ్బివ్వాల్సిన క్లయింట్ ఆ ఐడీకి ఈమెయిల్‌లో ఇన్‌వాయిస్ పంపి, జవాబు రాలేదని పేమెంట్ ఆపేశాడు. స్టెల్లార్ నక్షత్రం గుర్తొచ్చింది అప్పుడు. ఆ డొమైన్‌కి మెయిల్ తీసుకోము అని చెప్పే రికార్డ్ పెట్టాం, ఇప్పుడు పంపినవాడికి వెంటనే తిరిగొచ్చేస్తుంది.

తెర మీద పేరు పెద్దగా, డొమైన్ కింద ఇంకో లైన్‌లో. అడ్రస్ మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూపించే అలవాటు పూర్తిగా తీసేశాం, పాయిజనింగ్ దొంగలు బతికేదే ఆ ఎనిమిది అక్షరాల మీద. మొదటిసారి పంపుతుంటే "ఈ పేరుకి మీరు ఇంతకుముందు ఎప్పుడూ పంపలేదు" అని వస్తుంది. ఇదివరకు పంపిన పేరే అయి, దాని వెనక ఉన్న ఆఫర్ మారితే ఇంకో మెసేజ్. దాని తెలుగు నేనే రాశాను: "కీ మారింది, జాగ్రత్త." పిన్నికి చూపిస్తే "ఏ కీ రా, తాళంచెవా?" అంది. ఇప్పుడు అక్కడ "ఈ పేరు వెనక ఉన్న ఖాతా పోయినసారి ఉన్నది కాదు. ముందు వాళ్ళకి ఫోన్ చేసి అడగండి" అని ఉంది. ఫోన్ మార్చినవాళ్ళందరికీ ఇది వస్తుంది, చాలాసార్లు ఉత్త కంగారే. అయినా ఉంచాం, ఎందుకంటే డొమైన్ ఎవరి చేతిలోనైనా పడితే యూజర్‌కి మిగిలే గోడ అదొక్కటే.

వదిలేసిన పేరు మళ్ళీ ఎవరికీ ఇవ్వం. ఇది చర్చ లేకుండా తేలిన ఒకే ఒక్క విషయం. పాత సిమ్ నంబర్ ఇంకొకరికి వెళ్తే వాళ్ళకి మన బ్యాంక్ ఓటీపీలు వస్తాయని అందరం చూసినవాళ్ళమే.

మిగిలిపోయినవి కూడా ఉన్నాయి. ఎవరి పేరు వెతుకుతున్నామో డీఎన్‌ఎస్ సర్వర్‌కి కనబడుతూనే ఉంది, అబద్ధం చెప్పలేదు కానీ చూడగలదు. సొంత డొమైన్ ఉన్నవాళ్ళు తమ పేరు తామే నడుపుకోవచ్చు, కానీ డీఎన్‌ఎస్‌సెక్ ఆన్ చేయడం ఎలాగో వివరించే పేజీ నాలుగోసారి తిరగరాస్తున్నాను. ఇక మిగతావాళ్ళందరి పేర్లూ ఒకే ఒక్క డొమైన్ మీద వేలాడుతున్నాయి. దాన్ని ఒకేసారి పదేళ్ళకి రెన్యూ చేశాం, అంతకన్నా ఎక్కువ కట్టనివ్వరు. ఏ కార్డుతో కట్టామో ఆ కార్డు మూడేళ్ళలో ఎక్స్‌పైర్ అవుతుంది, రిమైండర్ నా క్యాలెండర్‌లోనే ఉంది, నేనేమో వాళ్ళ ఉద్యోగిని కూడా కాదు.